చుక్కలు గీతలవుతున్నాయా? ముందు అలెన్ కీ తీయండి

గుంటూరు నుంచి ఓ ఇంజినీరింగ్ కుర్రాడు పోయిన వారం రెండు ఫొటోలు పంపాడు. రెండిట్లోనూ ఓరియన్ నెబ్యులానే. మొదటిదాంట్లో చుక్కలన్నీ బియ్యపు గింజల్లా ఉన్నాయి. రెండోదాంట్లో సేమియా ముక్కల్లా ఉన్నాయి. కింద ఒకటే ప్రశ్న: ‘‘అన్నా, గైడ్ కెమెరా కొంటే ఇది పోతుందా? ఫ్రెండ్సంతా అదే అంటున్నారు. ఇంకో పదివేలు అడిగితే మా నాన్న టెలిస్కోప్‌తో పాటు నన్నూ బయట పెట్టేస్తాడు.’’

కొనొద్దు తమ్ముడూ. అంటే, ఇప్పుడే కొనొద్దు. ఎందుకో చెప్పడానికే ఈ వారం కాలమ్ మొత్తం వాడుకుంటున్నా. ఎందుకంటే ఇలాంటి మెయిల్స్ చలికాలం మొదలవగానే వరుసపెట్టి వస్తాయి. అందరిదీ ఇంచుమించు ఒకటే కథ.

ముందు అతని సెటప్ ఏంటో చూద్దాం. సెకండ్ హ్యాండ్‌లో దొరికిన ఈక్యూ5 మౌంట్. చేత్తో నాబ్ తిప్పుకునే పాత మోడల్. దానికి రెండు స్టెప్పర్ మోటార్లు బిగించాడు. మోటార్ నుంచి మౌంట్ గేర్‌కి జీటీ2 బెల్ట్, పుల్లీలు. బ్రాకెట్లు కాలేజీ ల్యాబ్‌లో త్రీడీ ప్రింట్ చేసుకున్నాడు. మెదడు స్థానంలో ఈఎస్‌పీ32 బోర్డు, అందులో ఆన్‌స్టెప్ అనే సాఫ్ట్‌వేర్. ఇది హోవర్డ్ డటన్ అనే ఆయన మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్, పైసా ఖర్చు లేదు. ఇదంతా కుదిరితే ఫోన్‌లో చుక్క మీద వేలు పెడితే టెలిస్కోప్ దానంతటదే అటు తిరుగుతుంది. కంపెనీ గోటూ మౌంట్ కొత్తది కొనాలంటే లక్ష దాకా లెక్కేసుకోవాలి. అందులో చిన్న ముక్క ఖర్చుతో ఇంత పని చేసుకున్నాడంటే మెచ్చుకోవాల్సిందే. కాకపోతే కంపెనీ వాడు ఫ్యాక్టరీలో చేసే పరీక్షలన్నీ ఇప్పుడు ఈ కుర్రాడి డాబా మీద జరగాలి. చిక్కంతా అక్కడే.

అసలు ఈ మౌంట్ చేసే పనేంటి? భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకి ఒక చుట్టు తిరుగుతుంది. దాంతో ఆకాశం మనకి సెకనుకి 15 ఆర్క్‌సెకండ్ల చొప్పున పడమరకి జారుతున్నట్టు కనిపిస్తుంది. ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు. నిండు చంద్రుడి వెడల్పు సుమారు 1,800 ఆర్క్‌సెకండ్లు. ఆ జారుడుకి సరిగ్గా ఎదురు తిరుగుతూ ఉండటమే మౌంట్ ఉద్యోగం. ఆలోచన కొత్తదేం కాదు. 1824లోనే ఫ్రాన్‌హోఫర్ చేసిన డార్పాట్ టెలిస్కోప్‌కి గడియారం యంత్రం బిగించి ఇలాగే తిప్పారు. మన బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ కోసం గాజు ప్లేట్ల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసిన వాళ్లకీ తలనొప్పి ఇదే, చుక్క చుక్కలా ఉండాలి. వేణు బప్పు తండ్రిగారు పనిచేసింది కూడా అక్కడే. వాళ్లకి హిస్టోగ్రాం లేదు, డిలీట్ బటన్ లేదు. మనకి రెండూ ఉన్నాయి, అందుకే వాడుకుందాం.

ఒక్క ఫొటో చూసి రోగం చెప్పలేం. అందుకే వరుసగా తీసిన ఫ్రేములన్నీ ఎడిట్ చేయకుండా పంపమన్నా. పంపాడు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. అవి ఒకే రోగానికి రెండు ఫొటోలు కాదు, రెండు వేర్వేరు రోగాలు.

మొదటి సెట్ 135 ఎంఎం లెన్స్‌తో తీసింది, ఒక్కో ఫ్రేము 30 సెకన్లు. అందులో మూడోవంతు ఫ్రేములు శుభ్రంగా ఉన్నాయి, చుక్కలు గుండ్రంగా ముద్దొస్తున్నాయి. మిగతావి అయిదేసి పిక్సెళ్లు సాగాయి, అదీ వరుసా వాయీ లేకుండా. రెండో సెట్ 750 ఎంఎం న్యూటోనియన్ టెలిస్కోప్‌తో తీసింది, నిమిషం చొప్పున. అందులో ప్రతి ఫ్రేములోనూ చుక్క ఒకే వైపు, ఇంచుమించు ఒకే పొడవు సాగింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఒక ఫ్రేము బాగుండి ఇంకోటి పాడైతే ఎక్కడో ఏదో జారుతోంది, లేదా పట్టేస్తోంది. అన్ని ఫ్రేములూ ఒకేలా పాడైతే లెక్క తప్పు, లేదా దిక్కు తప్పు.

కొంచెం లెక్క చూద్దాం, భయపడకండి. కెమెరా పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక పిక్సెల్ ఆకాశంలో ఎన్ని ఆర్క్‌సెకండ్లో వస్తుంది. ఇతని కెమెరాకి 4.3 మైక్రాన్లు. అంటే 135 ఎంఎం దగ్గర పిక్సెల్‌కి ఆరున్నర ఆర్క్‌సెకండ్లు, 750 ఎంఎం దగ్గర 1.2. ఒకే మౌంట్, ఒకే తప్పు, అయినా పెద్ద టెలిస్కోప్‌లో అయిదు రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లని ముందు చిన్న లెన్స్‌తో తీయమని పోరేది అందుకే. కానీ ఎవరు వింటారు? టెలిస్కోప్ కొన్నాక లెన్స్ పెట్టి ఫొటో తీయమంటే పెళ్లికి పిలిచి టిఫిన్ పెట్టినట్టు ఫీలవుతారు.

సరే, మొదటి సెట్‌కి వద్దాం. 30 సెకన్లలో 5 పిక్సెళ్లంటే 33 ఆర్క్‌సెకండ్ల దాకా జారింది. సెకనుకి ఒకటి పైన. ధ్రువ నక్షత్రం వైపు గురి సరిగ్గా కుదరకపోతే ఇంత వస్తుందా? ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి 40 ఆర్క్‌మినిట్ల దూరంలో ఉంది. ఎవరైనా బద్ధకించి ధ్రువ నక్షత్రాన్నే నడిమధ్యలో పెట్టి వదిలేశారనుకోండి. అప్పుడు కూడా జారుడు నిమిషానికి పది ఆర్క్‌సెకండ్ల చిల్లరే. అరనిమిషానికి 5. అది ఈ లెన్స్‌లో ఒక పిక్సెల్ కూడా కాదు. గేర్‌లో సహజంగా ఉండే ఊపు వల్లా? దాని సంగతి తర్వాత చెప్తా, అది కూడా ఒక పిక్సెల్‌కి మించదు. అంటే ఇది ఆకాశం గొడవ కానే కాదు. డాబా దిగి కిందకి రండి, పగలే తేలిపోతుంది.

పగటిపూట పరీక్ష

మౌంట్‌ని టేబుల్ మీద పెట్టి, మోటార్ పుల్లీ మీద, దాని షాఫ్ట్ మీద కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీయండి. వర్మ్ గేర్ వైపు పుల్లీకీ అలాగే. ఇప్పుడు ఫోన్ నుంచి మౌంట్‌ని అటూ ఇటూ ఓ పది నిమిషాలు తిప్పి మళ్లీ చూడండి. గీత విరిగిందా? పుల్లీ షాఫ్ట్ మీద జారుతోంది. సొంతంగా మోటార్లు బిగించుకున్న మౌంట్లలో ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆ పుల్లీని పట్టుకునేది కందిగింజంత గ్రబ్ స్క్రూ. మోటార్ షాఫ్ట్‌కి ఒకవైపు చదునుగా కోసి ఉంటుంది, స్క్రూ సరిగ్గా ఆ చదును మీద దిగాలి. గుండ్రటి వైపు దిగితే ఆరోజుకి పట్టినట్టే ఉంటుంది, టెలిస్కోప్ బరువు పడగానే వదిలేస్తుంది. వర్మ్ షాఫ్ట్‌కి చదును లేకపోతే ఆకురాయితో కొద్దిగా రాసి చేసుకోవాలి. తర్వాత ఒక చుక్క థ్రెడ్ లాకర్. ఎక్కువొద్దు, రేపు విప్పుకోవాల్సింది మనమే.

గుంటూరు కుర్రాడి మౌంట్‌లో గీత విరిగింది. వర్మ్ వైపు పుల్లీ. ఖర్చు: ఒక అలెన్ కీ, అది అతని దగ్గర ముందే ఉంది.

బెల్ట్ సంగతి కూడా అప్పుడే చూసేయండి. మధ్యలో వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి వెళ్లాలి. వీణ తీగలా మోగిందంటే మరీ బిగువు, మోటార్ బేరింగ్ మీద భారం. వదులైతే దిశ మారేటప్పుడు పళ్లు ఎగిరిపోతాయి. ఇక త్రీడీ ప్రింట్ బ్రాకెట్ పీఎల్‌ఏతో చేసుంటే ఒక హెచ్చరిక. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడలో ఎండలో ఆపిన కారు లోపల ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. బ్రాకెట్ పైకి బాగానే కనిపిస్తుంది కానీ ఓ మిల్లీమీటర్ వంగుతుంది, బెల్ట్ వదులవుతుంది. పీఈటీజీతో మళ్లీ ప్రింట్ చేయించుకోండి, ఇంకా మంచిది అల్యూమినియం ముక్క కోయించుకోండి. ఏ వెల్డింగ్ షాపులోనైనా చేసిపెడతారు.

తర్వాత వర్మ్, దాని చక్రం మధ్య పట్టు. కౌంటర్‌వెయిట్ కడ్డీ పట్టుకుని మెల్లగా ఊపితే టక్ టక్‌మని ఆడుతుందా? అంటే వదులు. అలాగని బిగించేస్తే చక్రంలో ఒకచోట బాగుండి ఇంకోచోట పట్టేస్తుంది, మోటార్ మూలుగుతుంది, స్టెప్పులు పోతాయి. బిగించాక మోటార్‌తో ఒక పూర్తి చుట్టు తిప్పి, మూలుగు ఎక్కడా రాలేదని చూసుకునే వదలాలి. కొద్దిపాటి వదులు ఎలాగూ మిగులుతుంది. దానికి పాత చిట్కా ఉంది. తూక్కట్టేటప్పుడు సరిసమానంగా కాకుండా తూర్పు వైపు రవ్వంత బరువు ఎక్కువుంచండి. అప్పుడు గేరు పళ్లు ఎప్పుడూ ఒకవైపే ఆనుకుని ఉంటాయి.

కరెంటు విషయంలో చాలామంది చేసే పని, వైఫై రూటర్‌కి పెట్టే మినీ యూపీఎస్ తెచ్చి తగిలించడం. మౌంట్ నెమ్మదిగా తిరుగుతున్నంతసేపు అది సరిపోతుంది. గోటూ కొట్టగానే రెండు మోటార్లూ ఒకేసారి కరెంటు లాగుతాయి, వోల్టేజి పడిపోతుంది, ఈఎస్‌పీ32 రీసెట్ అయిపోతుంది. మీకు కనిపించేదల్లా ‘వైఫై డిస్కనెక్ట్ అయింది’ అనే మెసేజ్. దాంతో ఫోన్‌ని తిడతారు. గోటూ నడుస్తుండగా మల్టీమీటర్‌తో మౌంట్ చివర వోల్టేజి చూడండి. బ్యాటరీ దగ్గర 12 ఉండి ఇక్కడ 11 కంటే కిందికి దిగుతుంటే వైరు సన్నం, లేదా సప్లై చాలడంలేదు. ఇంకో మాట, పవర్ ఆన్‌లో ఉండగా మోటార్ వైరు ఎప్పుడూ పీకొద్దు. ఆ ఒక్క క్షణంలో డ్రైవర్ చిప్ కాలిపోతుంది. వదులు కనెక్టర్ అయినా అదే పని చేస్తుంది, అందుకే మర బిగించే రకం కనెక్టర్లు వాడండి.

నిజంగా ఫోన్‌దే తప్పయ్యే సందర్భం కూడా ఒకటుంది. ఆన్‌స్టెప్ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. అది చూసి ఫోన్ తెలివిగా మొబైల్ డేటాకి మారిపోతుంది. యాప్ ఏమో మౌంట్ దొరకట్లేదంటుంది. మొబైల్ డేటా ఆపేస్తే సరి. ఎలాగూ సెట్టింగ్స్‌లోకి వెళ్తున్నారు కాబట్టి ఆ వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చుకోండి. మొదట్లో పెట్టివచ్చేది ‘పాస్‌వర్డ్’ అనే మాటే!

అంకె ఒకటి, అవస్థలు వంద

ఆన్‌స్టెప్‌కి మీరు చెప్పాల్సిన అసలు అంకె, ఒక డిగ్రీ తిరగడానికి మోటార్ ఎన్ని స్టెప్పులు వేయాలి అనేది. చుట్టుకి 400 స్టెప్పుల మోటార్, 16 మైక్రోస్టెప్పులు, 16 పళ్ల పుల్లీ నుంచి 48 పళ్ల పుల్లీకి అంటే 3 రెట్లు, ఈక్యూ5 వర్మ్ చక్రానికి 144 పళ్లు. అన్నీ గుణించి 360తో భాగిస్తే 7,680. ఈక్యూ3 వాళ్లు ఇది కాపీ కొట్టకండి. దాని ఆర్ఏ చక్రానికి 130 పళ్లు, డెక్ చక్రానికి 65.

ఈ అంకె తప్పితే చుక్కలే పట్టిస్తాయి. మోటార్ అసలు తిరగకపోతే చుక్క సెకనుకి 15 ఆర్క్‌సెకండ్లు జారుతుంది. మోటార్ రివర్స్‌లో తిరుగుతుంటే 30. మీది 200 స్టెప్పుల మోటార్ అయ్యుండి 400 అని రాశారనుకోండి, మౌంట్ రెట్టింపు వేగంతో తిరుగుతుంది. అప్పుడు జారుడు మళ్లీ 15, కానీ ఎదురు వైపు. అందుకే మొదటి రాత్రి ట్రాకింగ్ ఆపేసి 30 సెకన్ల ఫ్రేము ఒకటి తీసి దాచుకోండి. 135 ఎంఎంలో చుక్క 70 పిక్సెళ్ల గీత గీస్తుంది. తర్వాత వచ్చే ప్రతి గీతనీ దీంతో పోల్చుకోవచ్చు. అన్నట్టు యాప్‌లో వేలు జారి ట్రాకింగ్ ‘లూనార్’లో పడినా చుక్కలు సాగుతాయి. చంద్రుడు చుక్కల కంటే నెమ్మదిగా పడమరకి నడుస్తాడు కదా, మౌంట్ అతన్ని ఫాలో అయిపోతుంది. నవ్వకండి, జరుగుతుంది.

గుంటూరు మెయిల్‌లో ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, చివర్లో తేలిగ్గా రాశాడు. గోటూ కొడితే టెలిస్కోప్ ప్రతిసారీ నాలుగైదు డిగ్రీలు పడమరకి వెళ్లి ఆగుతోందట. ‘‘ఒక చుక్క మీద సింక్ చేస్తే సరిపోతోందిలే అన్నా’’ అన్నాడు. నాకు మాత్రం అన్నిటికంటే ఇదే సరదాగా అనిపించింది.

ఆన్‌స్టెప్ పాత ఎల్‌ఎక్స్200 పద్ధతి పాటిస్తుంది. అందులో పడమర రేఖాంశం ప్లస్, తూర్పు మైనస్. టైమ్ జోన్ కూడా అంతే, మన టైమ్‌కి ఎంత కలిపితే గ్రీనిచ్ టైమ్ వస్తుందో అది రాయాలి. అంటే మనకి మైనస్ అయిదున్నర. మనోళ్లు చిన్నప్పట్నుంచి చదువుకున్నట్టు తూర్పు 80.4, ప్లస్ 5:30 అని వెబ్ పేజీలో టైప్ చేసేస్తారు. ఇందులో ఒక్కటే తప్పితే తేడా 160 డిగ్రీల పైన వస్తుంది. మౌంట్ ‘ఆ చుక్క నేల కింద ఉంది’ అని మొరాయిస్తుంది, మీకు వెంటనే అనుమానం వస్తుంది. రెండూ తప్పితే? ఒకటి 165 డిగ్రీలు అటు లాగుతుంది, ఇంకోటి 161 డిగ్రీలు ఇటు లాగుతుంది. మిగిలేది నాలుగున్నర డిగ్రీలు. సరిగ్గా గుంటూరు కుర్రాడు చెప్పినంత!

ఊరిని బట్టి ఈ తేడా మారుతుంది. హైదరాబాద్‌లో ఎనిమిది డిగ్రీల పైన. కాకినాడలో ఒక్క డిగ్రీ, ఎందుకంటే మన దేశం టైమ్‌ని లెక్కకట్టే 82.5 డిగ్రీల రేఖ ఆ పక్క నుంచే వెళ్తుంది. విశాఖలో కూడా డిగ్రీ చిల్లరే, కాకపోతే తూర్పు వైపు. కాకినాడ, వైజాగ్ వాళ్లకి ఈ తప్పు జన్మలో దొరకదు, ‘పోలార్ అలైన్‌మెంట్ కొంచెం తేడా కొట్టింది’ అనుకుని ఊరుకుంటారు. సింక్ చేస్తే గోటూ సర్దుకుంటుంది, నిజమే. కానీ మౌంట్ దృష్టిలో క్షితిజం, నడినెత్తి గీత తప్పు చోటే ఉండిపోతాయి. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు అటునుంచి ఇటు తిప్పుకోవాలో దానికి తెలీదు. కెమెరా వెళ్లి ట్రైపాడ్ కాలికి కొట్టుకునేది అప్పుడే. లొకేషన్, టైమ్ ఆన్‌స్టెప్ ఆండ్రాయిడ్ యాప్ నుంచి పంపేస్తే ఈ గొడవ ఉండదు. చేత్తో టైప్ చేస్తే మాత్రం పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చదవండి.

ఉత్తరం ఎక్కడ?

ఇప్పుడు రెండో సెట్, సేమియా ముక్కలు. ఎక్స్‌పోజర్ చివర్లో కొన్ని సెకన్లు ట్రాకింగ్ ఆపితే చుక్క తూర్పు-పడమర దిశలో ఒక తోక గీస్తుంది. దాన్ని బట్టి ఫ్రేములో ఏ దిక్కు ఎటుందో తెలుస్తుంది. అతన్ని అలా ఒకటి తీయమన్నా. తేలిందేంటంటే, చుక్క నిమిషానికి 12 పిక్సెళ్లు ఉత్తర-దక్షిణాలుగా సాగుతోంది, అన్ని ఫ్రేముల్లోనూ. తూర్పు-పడమర సాగుడు కొద్దిగా ఉంది కానీ అది ఫ్రేముకో రకంగా ఉంది. ఉత్తర-దక్షిణం అంటే డెక్. ఆ మోటార్ ట్రాకింగ్‌లో కదలదు, ఊరికే ఉంటుంది. అయినా చుక్క అటు జారుతోందంటే మౌంట్ అక్షం ధ్రువం వైపు లేదన్నమాట. 12 పిక్సెళ్లంటే 14 ఆర్క్‌సెకండ్లు. అక్షం ఒక ఆర్క్‌మినిట్ తప్పితే జారుడు నిమిషానికి గరిష్ఠంగా 0.26 ఆర్క్‌సెకండ్లు. భాగిస్తే 54 ఆర్క్‌మినిట్లు, దగ్గర దగ్గర ఒక డిగ్రీ. పైగా ఫొటో తీసినప్పుడు ఓరియన్ నడినెత్తి గీత దగ్గరుంది, అక్కడ బయటపడేది ఎత్తు తప్పు కాదు, పక్క తప్పు. అంటే మౌంట్ ఎడమకో కుడికో తిరిగి ఉంది.

ఎలా సెట్ చేశావని అడిగితే జవాబొచ్చింది: ‘‘ధ్రువ నక్షత్రం పక్కింటి వాటర్ ట్యాంక్ వెనక ఉంది అన్నా, ఫోన్ కంపాస్‌తో పెట్టా.’’ ఇది మన ప్రాంతానికి పట్టిన ప్రత్యేకమైన శని. గుంటూరులో ధ్రువ నక్షత్రం 16 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, హైదరాబాద్‌లో 17. ట్యాంకు, వేపచెట్టు, సెల్ టవర్, పొగమంచు, ఏదో ఒకటి అడ్డం. కంపాస్ చూపించేది అయస్కాంత ఉత్తరం. మన దగ్గర దానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూగా ఉంటుంది. దానికి తోడు ట్రైపాడ్ స్టీలు, పక్కనే మోటార్లు. కంపాస్‌ని నమ్మి ఒక డిగ్రీలోపు వచ్చాడంటే అదృష్టవంతుడే.

ధ్రువ నక్షత్రం కనబడకపోయినా దారుంది. ల్యాప్‌టాప్ దొరికితే నీనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ ప్లగిన్ వేసుకోండి. ఆకాశంలో ఎక్కడైనా మూడు ఫొటోలు తీసి, ఎంత తప్పుందో లెక్కగట్టి చెప్తుంది. ల్యాప్‌టాప్ లేదంటే తాతల కాలం నాటి డ్రిఫ్ట్ పద్ధతి, ఓపికుంటే ఇది ఎవరికీ తీసిపోదు. దక్షిణాన నడినెత్తి గీత దగ్గర, ఖగోళ మధ్యరేఖకి దగ్గర్లో ఉన్న చుక్కని పట్టుకోండి. ఓరియన్ నడుములో మూడు చుక్కల్లో పైది దీనికి బాగుంటుంది. అది దక్షిణానికి జారుతుంటే అక్షం తూర్పుకి ఎక్కువ తిరిగి ఉంది, ఉత్తరానికి జారుతుంటే పడమరకి. అది సర్దాక తూర్పున కింద ఉన్న చుక్కని చూడండి. దక్షిణానికి జారితే అక్షం కిందికుంది, ఉత్తరానికి జారితే పైకుంది. ఫ్రేములో దక్షిణం ఎటో తెలియకపోతే యాప్‌లో నార్త్ బటన్ నొక్కండి. టెలిస్కోప్ ఉత్తరానికి కదులుతుంది కాబట్టి చుక్క దక్షిణం వైపు జరుగుతుంది.

అక్షాన్ని ఇంత కిందికి వంచడం వల్ల ఇంకో రెండు ఇబ్బందులు. బరువంతా ఉత్తరం వైపు వాలుతుంది, కాబట్టి ట్రైపాడ్ కాలు ఒకటి ఉత్తరానికే ఉండాలి. అలా ఉంటే కౌంటర్‌వెయిట్ వచ్చి ఆ కాలికే తగులుతుంది. ట్రైపాడ్‌కీ మౌంట్‌కీ మధ్య జానెడు పొడవు పైపు ముక్క పెడితే రెండూ తీరతాయి. రెండోది ఎత్తు సర్దే బోల్ట్. ఈ మౌంట్లలో అది సన్నం, బరువు మీద తిప్పితే వంగుతుంది. కొంచెం కిందికి దించి, మళ్లీ పైకి ఎత్తుతూ వచ్చి సరైన చోట ఆపండి. చేత్తో టెలిస్కోప్‌ని కాస్త పైకి ఆసరా పడితే బోల్ట్ బతుకుతుంది. దీనికి బదులుగా మనకి దక్కేదీ ఉంది. ఇంగ్లండ్ వాళ్లకి క్షితిజం కింద ఉండిపోయే ఒమేగా సెంటారీ చుక్కల గుంపు మనకి వేసవిలో పాతిక డిగ్రీల ఎత్తుకి వస్తుంది.

మరి గైడ్ కెమెరా ఎప్పుడు?

ఇవన్నీ అయ్యాక మిగిలేది గేరు ఊపు. వర్మ్ ఎంత బాగా కోసినా కచ్చితంగా గుండ్రంగా ఉండదు. అందువల్ల మౌంట్ కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి ఊగుతుంది. ఈక్యూ5 వర్మ్ 144 పళ్లకి ఒక రోజు తిరుగుతుంది కాబట్టి ఒక్క ఊపుకి 598 సెకన్లు, పది నిమిషాలు. ఆ ఊపు మొత్తం 40 ఆర్క్‌సెకండ్లు అనుకుంటే, బాగా జోరుగా ఉన్నప్పుడు అరనిమిషానికి 6 ఆర్క్‌సెకండ్లు జరుగుతుంది. 135 ఎంఎంలో అది ఒక పిక్సెల్, ఎవరికీ కనబడదు. 750 ఎంఎంలో అయిదు పిక్సెళ్లు, అందరికీ కనబడుతుంది. గుంటూరు రెండో సెట్‌లో ఫ్రేముకో రకంగా కనిపించిన తూర్పు-పడమర సాగుడు ఇదే.

దీన్ని ఆపడానికి గైడ్ కెమెరా కావాలి, కాదనను. చిన్న గైడ్ స్కోప్‌తో ఒక చుక్కని చూస్తూ, అది కదిలితే మౌంట్‌ని సర్దుతూ ఉంటుంది. పీహెచ్‌డీ2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. కానీ జారే పుల్లీని అది పట్టుకోలేదు. ఒక డిగ్రీ తప్పున్న అక్షాన్ని లాక్కొస్తుంది, అయితే ఫ్రేము అంచుల్లో చుక్కలు గైడ్ చుక్క చుట్టూ తిరిగి వంకర పోతాయి. సొంత మౌంట్లవాళ్లకి పీహెచ్‌డీ2లో నాకు నచ్చేది గైడింగ్ కంటే దాని గ్రాఫే. సర్దుబాటు ఆపేసి ఓ ఇరవై నిమిషాలు ఊరికే చూడనివ్వండి. అల పది నిమిషాలకోసారి వస్తుంటే వర్మ్. 200 సెకన్లకోసారి వస్తుంటే మోటార్ పుల్లీ నడిమధ్యలో కూర్చోలేదు, ఎందుకంటే వర్మ్ ఒక చుట్టుకి మోటార్ మూడు చుట్లు. పన్నెండున్నర సెకన్లకోసారి గిలగిల కొట్టుకుంటుంటే బెల్ట్ పళ్లు, 16 పళ్ల పుల్లీకి 200 సెకన్లని భాగిస్తే వచ్చేది అదే. చవక పుల్లీ మార్చి మంచిది వేస్తే ఆ చివరి రెండూ చాలావరకు తగ్గుతాయి.

కాబట్టి గుంటూరు తమ్ముడికి నా లెక్క ఇది. ఈ అమావాస్యకి పుల్లీ బిగించి, మైనస్ గుర్తులు సరిచేసి, డ్రిఫ్ట్ పద్ధతిలో అక్షం సర్ది, అదే 135 ఎంఎం లెన్స్‌తో అరనిమిషం ఫ్రేములు ఓ రెండొందలు తీయి. మొత్తం వంద నిమిషాల వెలుగు. ఓరియన్ నెబ్యులాకి అది ధారాళంగా సరిపోతుంది. ఆ న్యూటోనియన్ మీద ఆశ చావకపోతే వచ్చే చలికాలానికి గైడ్ కెమెరా కొనుక్కో. కొన్నాక కాలిబ్రేషన్‌ని ఖగోళ మధ్యరేఖ దగ్గరున్న చుక్క మీదే చేయి. డెక్ గేరు వదులుగా ఉంటే గైడింగ్‌ని ఉత్తరానికో దక్షిణానికో ఒక వైపుకే పెట్టు, రెండు వైపులా పెడితే గేరు అటూ ఇటూ తన్నుకుంటూ కూర్చుంటుంది. ఎక్స్‌పోజర్ రెండు సెకన్లు ఉంచు, అంతకంటే తగ్గిస్తే మౌంట్ గాలి మిణుకుల వెంట పరిగెడుతుంది.